బురద నిండిన ఇరుకు లోయలోకి ఒక్కణ్ణే దిగొచ్చా?

ప్రశ్న: అన్నా, మాది ప్రొద్దుటూరు. ఇప్పుడు అరిజోనాలో ఎం.ఎస్. చదువుతున్నాను. పక్కన యూటాలో స్లాట్ క్యానియన్లు ఉన్నాయి కదా, వాటిలో ఒకదాంట్లో పైనుంచి దిగి కింద బయటికి రావాలని రెండేళ్లుగా అనుకుంటున్నా. నాతో రావాల్సిన ఇద్దరు రూమ్మేట్లు పరీక్షలని ఆగిపోయారు. ఈ అక్టోబరులో ఒక్కణ్ణే పోదామనుకుంటున్నా. తాడు అవసరం లేని క్యానియనే. పది రోజుల కిందట అక్కడ వరద వచ్చిందంట, లోపల మోకాలి దాకా బురద ఉందని వెళ్లొచ్చినవాళ్లు చెప్పారు. చిన్నప్పటి నుంచి గండికోట రాళ్ల మీద ఎక్కి దిగినవాణ్ణి, బురద నాకు కొత్త కాదు. పోవచ్చా? ఇంట్లో చెప్పలేదు, చెబితే అమ్మ టెన్షన్ పడుతుంది.
– ఓ పాఠకుడు, ప్రొద్దుటూరు

జవాబు: తమ్ముడూ, వద్దు. ఈ లోయకి, ఈ బురదలో, ఒక్కడివే వద్దు. ముందు ఈ మాట తేల్చి చెప్పి తర్వాత కారణాలు రాస్తున్నాను, ఎందుకంటే కారణాలు ముందు రాస్తే వాటిలో మనకి అనుకూలమైనవి నాలుగు ఏరుకుని బ్యాగు సర్దేసుకుంటాం. నీ వయసులో నేనూ అదే చేశాను.

మిగతా పాఠకుల కోసం రెండు మాటలు. స్లాట్ క్యానియన్ అంటే కొండ నిలువునా చీలినట్టుండే లోయ. పైనుంచి చూస్తే నేల మీద పగులులాగే కనిపిస్తుంది, లోపలికి దిగితే రెండు పక్కలా తాటిచెట్లకన్నా ఎత్తు గోడలు, మధ్యలో ఒక్కోచోట మనిషి పక్కకి తిరిగి, ఊపిరి బిగబట్టి దూరాల్సినంత సందు. మన వేంపల్లె దగ్గర గండిలో పాపాఘ్ని కొండని కోసుకుని వచ్చినట్టే అక్కడా కోసింది నీళ్లే. కాకపోతే రోజూ పారే ఏరు కాదది, ఏడాదిలో ఎప్పుడో కొన్నిసార్లు, గంటో రెండు గంటలో విరుచుకుపడే వరద. ఆ వరద మోసుకొచ్చే ఇసుకే రంపం. వరద పోయాక మిగిలేది బురద.

గండికోటలో తిరిగినవాణ్ణి అన్నావు. మంచిదే, కానీ ఆ అలవాటే అక్కడ నిన్ను మోసం చేస్తుంది. గండికోట రాయి క్వార్ట్‌జైట్, వంద కోట్ల ఏళ్లకు పైబడిన రాయి, దెబ్బ కొడితే గునపమే మొద్దుబారుతుంది. యూటా, అరిజోనా స్లాట్ క్యానియన్లలో చాలా వాటి గోడలు నవాహో శాండ్‌స్టోన్. ఎప్పుడో 18, 19 కోట్ల ఏళ్ల కిందటి ఎడారి ఇసుక దిబ్బలు గట్టిపడి అయిన రాయి, గట్టిగా రుద్దితే చేతికి ఇసుక అంటుతుంది. అది తడిస్తే బలం ఇంకా తగ్గుతుంది. అందుకే అక్కడ కొండలెక్కేవాళ్లు వాన పడ్డాక ఆ రాతిని కొన్ని రోజులు ముట్టుకోరు, పట్టుకున్న ముక్క చేతిలోకి ఊడొస్తుందని. మన దగ్గర రాయి జారుతుందేమో అని చూసుకుంటాం, అక్కడ రాయి విరుగుతుందేమో అని కూడా చూసుకోవాలి. ఆ లెక్క నీ కాళ్లకీ చేతులకీ ఇంకా అలవాటు లేదు.

ఇక బురద. ఇరుకు సందులో దిగేటప్పుడు వీపు ఒక గోడకి, పాదాలు ఎదురు గోడకి ఆనించి మెల్లగా జరుగుతూ దిగుతారు. వెనకటికి బావుల్లో పూడిక తీయడానికి దిగేవాళ్లని చూసినవాళ్లకి ఇది వెంటనే అర్థమవుతుంది. బరువంతా షూ అడుగున ఉన్న పట్టు మీదే ఉంటుంది. జమ్మలమడుగు వైపు రేగడి చేలల్లో వాన వెలిసాక నడిచుంటావు కదా, పది అడుగులు వేసేసరికి చెప్పు కింద ఇంకో చెప్పంత మట్టి. ఆ మట్టితో నున్నటి గోడకి కాలు ఆనించి చూడు. ఎండలో ఇది ఒక సమస్య కాదు, ఆగి గీక్కుంటాం. అక్కడ గాల్లో వేలాడుతూ గీక్కోలేవు, గీక్కుని దిగినా కింద మళ్లీ బురదే. పది రోజులైంది కదా ఆరిపోయి ఉంటుంది అనుకోకు, ఆ లోతుకి ఎండ దిగదు, బురద వారాల తరబడి అలాగే ఉంటుంది.

నాకు జరిగింది చెప్తాను. కొన్నేళ్ల కిందట ఫీనిక్స్‌లో ఉద్యోగం చేస్తున్నప్పుడు యూటాలోని ఎస్కలాంటే వైపు ఒక చిన్న క్యానియన్‌లోకి ఒక్కణ్ణే దిగాను. ఎనిమిదడుగుల మెట్టు ఒకటి వస్తే కూర్చుని జారి దిగేశాను, తిరిగి దాన్ని ఎక్కగలనా అని ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఇంకాస్త ముందుకెళ్తే మడుగు ఎండిన చోటు, మన చెరువులు ఎండితే నెర్రెలిచ్చినట్టే పైన పెచ్చులు కట్టి ఉంది. గట్టి నేలనుకుని అడుగేశాను. పెచ్చు కింద సంగటిలాంటి చల్లటి బురద, కుడికాలు తొడ దాకా పోయింది. లాగేకొద్దీ ఎడమకాలు దిగుతోంది. పక్కన ఒక్క మనిషి ఉండి చెయ్యి అందిస్తే ఐదు నిమిషాల పని, నాకు గంటన్నర పట్టింది. బ్యాగు తీసి ముందు పెట్టి దాని మీద బోర్లా పడుకుని, కాలి చుట్టూ చేత్తో మట్టి తవ్వుతూ తవ్వుతూ బయటికొచ్చాను. అప్పటికి ఒళ్లంతా వణుకు, వేళ్లకి స్పర్శ లేదు, మిట్టమధ్యాహ్నం, పైన ఎండ మండుతూ ఉంది. ఆ గంటన్నరా నా తలలో తిరిగింది ఒక్కటే, నేనెక్కడున్నానో ఈ భూమ్మీద ఒక్కరికీ చెప్పలేదని.

ఇదే తప్పు ఎంత దూరం పోగలదో ప్రపంచానికంతా తెలిసింది 2003లో. ఆరన్ రాల్‌స్టన్ అనే 27 ఏళ్ల కుర్రాడు, కొండల్లో బాగా ఆరితేరినవాడు, ఏప్రిల్ 26న యూటాలో బ్లూజాన్ క్యానియన్‌లో ఒంటరిగా దిగుతుంటే ఓ బండరాయి కదిలి అతని కుడిచేతిని గోడకి నొక్కేసింది. రాయి సుమారు 360 కిలోలు. ఎక్కడికి పోతున్నాడో ఎవరికీ చెప్పలేదు కాబట్టి వెతకడానికి వచ్చేవాళ్లు లేరు. ఐదు రోజులు, 127 గంటలు అలా ఉండి, చివరికి తన చేతిని తనే కోసుకుని, ఆ ఒంటిచేత్తో తాడు మీద సుమారు 20 మీటర్లు దిగి, నడిచి బయటపడ్డాడు. అతని ధైర్యం గురించి అందరూ మాట్లాడతారు. నేనైతే ఇంట్లో టేబుల్ మీద ఒక చీటీ ఉంటే అది ఐదు రోజులు కాకుండా రెండు రోజుల్లో ముగిసేదేమో అనే ఎప్పుడూ అనుకుంటాను.

వరద సంగతి మనవాళ్లకి ఎక్కువ చెప్పాల్సిన పని లేదనుకుంటాను. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కర్నూలుని ముంచినప్పుడు మన ఇంటి మీద పడిన వానకన్నా ఎగువ నుంచి వచ్చిన నీళ్లే ఎక్కువని అందరం చూశాం. 2022 అక్టోబరులో అనంతపురంలో నడిమివంక కాలనీల్లోకి వచ్చింది, చాలా రోజులు వంక అనే సంగతే గుర్తుండదు దాన్ని చూస్తే. స్లాట్ క్యానియన్‌లో ఇదే, ఇంకా ఇరుకులో, ఇంకా వేగంగా. 1997 ఆగస్టు 12న అరిజోనాలోని యాంటిలోప్ క్యానియన్‌లో 11 మంది టూరిస్టులు కొట్టుకుపోయారు, వాన పడింది మైళ్ల దూరంలో ఎగువన. 2015 సెప్టెంబరు 14న యూటాలోని జయాన్ నేషనల్ పార్కులో కీహోల్ క్యానియన్‌లోకి దిగిన ఏడుగురిలో ఒక్కరూ మిగల్లేదు. లోపలున్నవాడికి తలపైన ఆకాశం గీతంత కనిపిస్తుంది, ఆ గీత నీలంగా ఉందంటే ఏమీ అర్థం లేదు. అరిజోనా వానాకాలం సెప్టెంబరు 30తో ముగుస్తుందని లెక్క, కానీ మేఘాలు క్యాలెండర్ చూసుకుని రావు కదా. నువ్వు చూడాల్సింది ఆ క్యానియన్‌లోకి నీళ్లొచ్చే ఎగువ ప్రాంతం మొత్తం మీద వాతావరణం. అక్కడి వాతావరణ శాఖ పార్కుల వారీగా వరద వచ్చే అవకాశం ఎంతుందో రోజూ ప్రకటిస్తుంది, అది చూడకుండా ఏ రోజూ బయల్దేరకు. గోడల్లో నీ తలకన్నా ఎత్తున ఇరుక్కుపోయిన దుంగలు కనిపిస్తే ఆగి చూడు, ఇదివరకు నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఆ దుంగే చెప్తుంది.

మరి ఏం చేయాలి? మొదటిది, పరీక్షలయ్యేదాకా ఆగు. రూమ్మేట్లలో ఒక్కడొచ్చినా చాలు. 2019 ఫిబ్రవరిలో జయాన్‌లోనే సబ్‌వే అనే చోట ఒకతని కాలు ఊబిలో మోకాలి పైదాకా కూరుకుపోతే, తోడొచ్చిన అమ్మాయి గంటల తరబడి నడిచి సిగ్నల్ దొరికే చోటికి వెళ్లి ఫోన్ చేసింది, రెస్క్యూవాళ్లు వచ్చి తీశారు. ఆ అమ్మాయి లేకపోతే ఏమయ్యేదో ఆలోచించు.

ఒంటరిగా తిరగాలనే కోరిక నాకు తెలుసు. అది తప్పని నేను అనను, ఆ గోడల మధ్య ఒక్కడివే నిలబడి వెలుగు ఎరుపు నుంచి ఊదాకి మారడం చూడటంలో ఉన్నది పక్కన నలుగురు మాట్లాడుతుంటే దొరకదు. అందుకని ఒక్కడివే పోవాలంటే ఎండిన క్యానియన్‌కి పో, పైనుంచి దిగొద్దు, కింది నోట్లోంచి లోపలికి నడువు. ఏదైనా కష్టంగా అనిపిస్తే వచ్చిన దారినే వెనక్కి తిరిగి దిగొచ్చు. పైనుంచి దిగేవాడికి ఆ వీలు ఉండదు, జారి దిగిన ప్రతి మెట్టూ వెనక మూసుకున్న తలుపే. ఎక్కలేని చోటు దిగకు, ఎంత చిన్నదైనా దూకకు, చీలమండ మడతపడితే చాలు అక్కడ. చేతిలో కట్టె ఉంచుకో, మన గొర్రెల కాపరుల కట్టెలాంటిదే, ప్రతి మడుగులోనూ ముందు అది దిగాలి, తర్వాత నీ కాలు. కాటన్ బట్టలు వద్దు, తడిస్తే ఒంటి వేడి లాగేస్తాయి. తలలైటు రెండు. నడకకి నాలుగు గంటలని ఎవరైనా చెబితే బురదలో దానికి రెట్టింపు వేసుకో, అక్టోబరులో అక్కడ పొద్దు తొందరగా వాలుతుంది.

ఇక అమ్మ సంగతి. అమ్మకి చెప్పు తమ్ముడూ. ప్రొద్దుటూరులో కూర్చుని ఆమె నిన్ను బయటికి లాగలేదు, నిజమే, కానీ నువ్వు రాకపోతే మొదట తెలిసేది ఆమెకే. ఆ చెప్పడం ఎలాగో కింది ప్రశ్నలో ఉంది, చదువు.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఉద్యోగం. శనాదివారాలు కొండలు, లోయలు అని తిరుగుతాడు. మొన్న రెండు రోజులు ఫోన్ కలవలేదు, ఆ రెండు రోజులు మేం అన్నం తినలేదు. ఎంతసేపు చూసి ఎవరికి ఫోన్ చేయాలి? 911 కి చేస్తే కలవలేదు.
– ఓ తల్లి, కడప

జవాబు: అమ్మా, ఇండియా నుంచి 911 కొడితే అమెరికా పోలీసులకి పోదు. అక్కడ కొండల్లో తప్పిపోయినవాళ్లని వెతికే పని చాలాచోట్ల ఆ కౌంటీ షెరీఫ్ ఆఫీసుది. కౌంటీ అంటే మన జిల్లాలాంటిది, షెరీఫ్ అంటే అక్కడి పోలీసు అధికారి. ఆ ఆఫీసుకి మామూలు పది అంకెల నంబరు ఉంటుంది, దేశం కోడ్ కలిపి దానికి ఇక్కడి నుంచి చేయొచ్చు. ఆ నంబరు మీరు ఆ రాత్రి కంగారులో వెతుక్కోకూడదు, బాబు బయల్దేరే ముందే మీకు పంపాలి. అది అతని బాధ్యత, గట్టిగా అడగండి.

ఒక కాగితం మీద ఇవన్నీ రాయించి వాట్సాప్‌లో ఫొటో పెట్టమనండి: ఏ క్యానియన్, ఏ కౌంటీ, కారు ఎక్కడ ఆపుతాడు, కారు రంగు, నంబరు, ఒంటి మీద ఏ రంగు బట్టలు, ఎన్నింటికి బయటికొచ్చి మెసేజ్ పెడతాడు, ఎన్నింటికి మెసేజ్ రాకపోతే మీరు ఫోన్ చేయాలి. ఈ చివరి రెండు టైములు వేరువేరుగా ఉండాలి, మధ్యలో మూడు నాలుగు గంటలు ఎడం, ఎందుకంటే బురదో, టైరు పంక్చరో, సిగ్నల్ లేకపోవడమో చాలాసార్లు ఆలస్యానికి కారణం అంతే. కానీ రెండో టైము దాటిందంటే ఇంకో గంట చూద్దాం అని ఆగొద్దు.

టైము రాసేటప్పుడు ఒక తికమక ఉంది. వేసవిలో, నవంబరు మొదటి ఆదివారం దాకా, అమెరికాలో గడియారాలు గంట ముందుకి జరుపుతారు, అరిజోనాలో చాలా భాగం మాత్రం జరపదు. అక్టోబరులో యూటా మనకన్నా పదకొండున్నర గంటలు వెనక, అరిజోనా పన్నెండున్నర. అంటే యూటాలో రాత్రి 8 అంటే మనకి మర్నాడు పొద్దున 7.30. కాగితం మీద మన టైమే రాయించండి, మీరు లెక్క వేసుకునే పని ఉండదు.

ఉపగ్రహం ద్వారా మెసేజ్ పంపే చిన్న పరికరాలు, గార్మిన్ ఇన్‌రీచ్‌లాంటివి, ఉన్నాయి. కొనమనండి, మంచి ఖర్చే. కాకపోతే ఇరుకు క్యానియన్ అడుగున ఆకాశం సరిగా కనిపించదు కాబట్టి అక్కడి నుంచి మెసేజ్ పోకపోవచ్చు. కాగితం ఉండాల్సిందే.

ప్రశ్న: ఊబిలో పడితే మనిషి మొత్తం మునిగిపోతాడా? మా వంకలో కూడా ఊబి ఉందని తాత పోనివ్వడు.
– పదో తరగతి విద్యార్థి, అనంతపురం

జవాబు: నాయనా, ఊబి తల దాకా మింగదు. ఇసుక, నీళ్లు కలిసిన ఊబి మన ఒంటికన్నా సుమారు రెండింతలు బరువైన ద్రవంలాంటిది, అందుకని మనిషి నడుము దగ్గరికొచ్చేసరికి తేలుతాడు. ఆమ్‌స్టర్‌డామ్ యూనివర్సిటీలో డేనియల్ బాన్ బృందం 2005లో దీన్ని ప్రయోగం చేసి చూపించి నేచర్ పత్రికలో రాశారు. అదే ప్రయోగంలో ఇంకో సంగతి తేలింది. కూరుకున్న కాలిని సెకనుకి ఒక సెంటీమీటరు చొప్పున పైకి లాగాలంటే ఒక మామూలు కారుని ఎత్తేంత బలం కావాలి. ఎందుకంటే కదిలించగానే నీళ్లు, ఇసుక విడిపోయి, ఇసుక కాలి చుట్టూ బిగిసి గట్టిపడుతుంది. అందుకే తాడు కట్టి జోరుగా లాగితే కాలికే దెబ్బ తగులుతుంది.

పడితే ఏం చేయాలంటే, వెనక్కి వాలి వీలైనంత వెడల్పుగా పడుకో, కాలిని చిన్నచిన్నగా ఆడిస్తూ ఉండు, ఆ సందులోకి నీళ్లు దిగి ఇసుక వదులవుతుంది. ఓపిక కావాలి. ఊబిలో మనుషులు చనిపోయేది చాలావరకు మునిగి కాదు, అక్కడే చిక్కుకుని ఉండగా నీళ్లు పెరగడం వల్ల, చలి వల్ల, ఎండ వల్ల. మీ వంకలో ఇసుక తవ్విన గుంతలు ఉంటే అవి ఇంకా ప్రమాదం, అక్కడ అడుగే తెలియదు. తాత మాట విను.

ప్రశ్న: మాకు అమెరికా ఎందుకు సార్, గండికోట ఉంది. ఈసారి లోయ అడుగుకి దిగి నది ఒడ్డున రాత్రి గుడారం వేసుకోవచ్చా?
– కర్నూలు నుంచి నలుగురు మిత్రులు

జవాబు: నలుగురు పోతున్నారు, సంతోషం. లోయ అంచున ఉండండి, అడుగున రాత్రి వద్దు. ఆ లోయకి ఎగువన గండికోట జలాశయం ఉంది, 26.85 టీఎంసీల సామర్థ్యం, దిగువన మైలవరం. మీ తల మీద చుక్క వాన పడకుండానే పైన గేట్లు ఎత్తితే పెన్నా ఒడ్డు జరుగుతుంది, ఆ గోడల మధ్య రాత్రిపూట పైకెక్కే దారి వెతుక్కోవడం అయ్యే పని కాదు. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట కొట్టుకుపోయినప్పుడు కింద ఊళ్లవాళ్లకి దొరికిన టైము ఎంతో రాజంపేట వైపు ఎవర్నైనా అడగండి.

పగలు దిగాలంటే పొద్దున్నే దిగి, ఎండ ఎక్కేలోపు పైకొచ్చేయండి, మనిషికి మూడు లీటర్ల నీళ్లకి తగ్గకుండా మోసుకెళ్లండి. దిగే ముందు ఊళ్లో గొర్రెలు, మేకలు కాసేవాళ్లతో మాట్లాడండి. ఈ వారంలో నీళ్లు ఎందాకా వచ్చాయో, ఏ దారిలో రాళ్లు కదులుతున్నాయో వాళ్లకి తెలుసు. మందని ఏ గట్టు దగ్గర ఆపుతున్నారో చూసుకోండి, దానికన్నా కిందికి మీరు కూర్చోవద్దు.